అంకెలు చెప్పే కబుర్లు



వార్షికోత్సవ సంచికకు లెక్కల మీద ఏదైనా రాసిమ్మని మీ వార్డెన్ గారు అడిగినప్పుడు నాకు కొంచెం నవ్వొచ్చింది. ఎందుకంటే ఇదే హాస్టల్లో ఉండి ఎనిమిదో తరగతి చదువుతున్నప్పుడు, క్వార్టర్లీ పరీక్షల్లో లెక్కల్లో నాకు వచ్చినవి 100కి 11 మార్కులు. ఆ పేపరును నాలుగు మడతలు పెట్టి ట్రంకుపెట్టె అడుగున బట్టల కింద దాచేశాను. దసరా సెలవులకు ఇంటికి వెళ్ళి, ఇక తిరిగి రాకుండా నాన్నతో పాటు కూలికి పోదామని మనసులో నిశ్చయించుకున్నాను.

ఆ రోజుల్లో మన హాస్టల్ క్రికెట్ జట్టుకు స్కోరు రాసేది నేనే. ఒక ఆదివారం మ్యాచ్ అయ్యాక, సాయంత్రం ట్యూషన్ చెప్పడానికి వచ్చే సారు నా స్కోరు పుస్తకం తీసుకుని చూశారు. అందులో ఒక్కొక్కరి సగటు పరుగులు, గెలవాలంటే ఓవరుకు ఎన్ని కావాలి, అన్నీ రాసి ఉన్నాయి.

"ఇవన్నీ ఎవరు చేసిచ్చార్రా?"

"నేనే సార్."

"భాగహారాలు దశాంశాలతో సహా సరిగ్గా ఉన్నాయి. మరి లెక్కలు రావంటావేం?"

నా దగ్గర జవాబు లేదు. "నీకు లెక్కలు రాకపోవడం కాదురా. పుస్తకంలోని అంకె దేని గురించి చెబుతోందో నీకు కనబడటం లేదు, అంతే" అన్నారు సారు.

ఆ రోజు నుంచి ఆయన నాకొక అలవాటు నేర్పారు. పేపర్లో గానీ, టీవీలో గానీ, పుస్తకంలో గానీ ఒక అంకె కనబడితే దాన్ని మనకు తెలిసిన కొలతలోకి మార్చుకోవాలి. బెత్తెల్లోకి, బకెట్లలోకి, అడుగుల్లోకి తెచ్చుకోవాలి. అప్పుడు అంకె మనతో మాట్లాడుతుంది. అలా నాతో మాట్లాడిన కొన్ని అంకెలను మీకు పరిచయం చేస్తాను.

ఒకే రోజు పుట్టినవాళ్ళు

మొదట ఒక చిన్న వింత. ఏడాదికి 365 రోజులు. ఒక గదిలో ఎంతమంది ఉంటే, వాళ్ళలో ఇద్దరి పుట్టినరోజు ఒకే తేదీన వచ్చే అవకాశం సగానికి సగం ఉంటుంది? చాలామంది 180 అనో, 200 అనో చెబుతారు. సరైన జవాబు 23. అంతే!

ఎలాగంటారా? మనం పొరపాటు పడేది ఇక్కడే. "నా పుట్టినరోజున పుట్టినవాడు ఎవరు?" అని ఒక్కరి గురించే ఆలోచిస్తాం. కానీ గదిలో ఎవరు ఎవరితోనైనా కలవవచ్చు. అందుకే మనుషులను కాదు, జతలను లెక్కపెట్టాలి. 23 మందిలో ప్రతి ఒక్కరూ మిగిలిన 22 మందితో జత కడతారు. 23 × 22 = 506. ఇందులో ఒక్కో జతను రెండుసార్లు లెక్కపెట్టాం కాబట్టి సగం చేస్తే 253 జతలు. అన్ని జతలుంటే ఒకటి కలవడంలో ఆశ్చర్యం ఏముంది? మంది 57కు చేరితే ఆ అవకాశం 100లో 99 వంతులు.

అయితే మన హాస్టల్ రిజిస్టరు తీసి దీన్ని పరీక్షించకండి! మనలో చాలామంది పుట్టినతేదీ మన అమ్మానాన్నలకు తెలియక, బడిలో చేర్చుకున్న రోజున మాస్టారు గారు వేసిన తేదీయే ఖాయమైంది. మా తరగతిలో నాతో కలిపి తొమ్మిది మందిమి జూన్ 1న పుట్టినట్టు ఉంది! దీన్నిబట్టి మరో సంగతి తెలుస్తుంది. అంకె ఎంత చక్కగా రాసి ఉన్నా, దాన్ని ఎవరు, ఎలా రాశారో కూడా అడగాలి.

సున్నా ఖరీదు

క్రికెట్ అభిమానులందరికీ తెలిసిన అంకె 99.94. ఇది ఆస్ట్రేలియా ఆటగాడు డాన్ బ్రాడ్‌మన్ టెస్టు సగటు. ఆయన 52 టెస్టుల్లో 80 ఇన్నింగ్స్ ఆడి 6,996 పరుగులు చేశారు. 10 సార్లు నాటౌట్‌గా నిలిచారు. సగటు కట్టేటప్పుడు ఇన్నింగ్స్‌తో కాదు, అవుటైన సార్లతో భాగించాలి. అంటే 70తో. 6,996 ÷ 70 = 99.94.

1948 ఆగస్టులో లండన్ ఓవల్ మైదానంలో ఆయన తన చివరి టెస్టు ఆడారు. బ్యాటింగుకు దిగేటప్పటికి 69 సార్లు అవుటై ఉన్నారు. అప్పటి సగటు 6,996 ÷ 69 = 101.39. ఇంకొక్క నాలుగు పరుగులు చేసి అవుటైనా 7,000 ÷ 70, అంటే సరిగ్గా 100 అయ్యేది. కానీ ఎరిక్ హోలీస్ వేసిన రెండో బంతికే సున్నాకు బౌల్డ్ అయ్యారు. సున్నాను కూడితే ఏమీ మారదని ఒకటో తరగతిలో చదువుకున్నాం. కానీ సగటులో సున్నా ఊరికే ఉండదు. పైన పరుగులు పెరగకపోయినా కింద భాజకం ఒకటి పెరుగుతుంది. ఆ ఒక్క సున్నా 101.39ని 99.94కి దించింది.

బెత్తెడు దూరం

1984 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్. మహిళల 400 మీటర్ల హర్డిల్స్ ఫైనల్లో మన పి.టి. ఉష నాలుగో స్థానంలో నిలిచారు. ఆమె సమయం 55.42 సెకన్లు. కాంస్య పతకం గెలిచిన రుమేనియా క్రీడాకారిణి సమయం 55.41 సెకన్లు. తేడా సెకనులో నూరో వంతు.

సెకనులో నూరో వంతు అంటే ఎంతో మనకు ఊహకు అందదు. కాబట్టి దూరంలోకి మారుద్దాం. 400 మీటర్లను 55.42 సెకన్లతో భాగిస్తే సెకనుకు సుమారు 7.2 మీటర్లు. అందులో నూరో వంతు 7.2 సెంటీమీటర్లు. ఇప్పుడు మీ కుడిచేతి నాలుగు వేళ్ళనూ దగ్గరగా చేర్చి చూడండి. ఆ వెడల్పునే మన పెద్దలు బెత్తెడు అంటారు. 400 మీటర్లు పరుగెత్తి, పది హర్డిల్స్ దూకి, చివరకు ఒలింపిక్ పతకం ఆ బెత్తెడు దూరంలో చేజారింది. 0.01 అనే అంకెను చిన్నదని ఎవరైనా అంటే మీ బెత్తెడు చూపించండి.

ఇంకొకటి. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో బంతి వేస్తే బ్యాట్స్‌మన్‌కు ఎంత సమయం ఉంటుంది? 140 కిలోమీటర్లు అంటే సెకనుకు సుమారు 39 మీటర్లు. బౌలర్ క్రీజు నుంచి బ్యాట్స్‌మన్ క్రీజుకు 58 అడుగులు, అంటే సుమారు 17.7 మీటర్లు. భాగిస్తే 0.45 సెకను. అర సెకను కూడా లేదు. ఆ లోపలే బంతిని చూడాలి, ఏ షాట్ ఆడాలో తేల్చుకోవాలి, బ్యాటు ఊపాలి. ఈసారి మనవాడు అవుటైతే తిట్టేముందు ఈ లెక్క గుర్తు చేసుకోండి.

ఎవరెస్టు మీద అన్నం ఉడకదు

2014 మే 25న మన సాంఘిక సంక్షేమ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు శిఖరాన్ని ఎక్కారు. పూర్ణది నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం. అప్పటికి ఆమె వయసు 13 ఏళ్ళ 11 నెలలు. అంత చిన్న వయసులో ఎవరెస్టు ఎక్కిన బాలిక అంతకుముందు ప్రపంచంలో ఎవరూ లేరు. మనలాంటి ఇళ్ళ నుంచి వచ్చి, మనలాగే ప్రభుత్వ మెస్సులో తిని చదువుకున్న పిల్లలు వాళ్ళు.

వాళ్ళు ఎక్కిన ఎత్తు సుమారు 8,849 మీటర్లు. ఈ అంకెను చలిలోకి మారుద్దాం. పైకి వెళ్ళేకొద్దీ ప్రతి 1,000 మీటర్లకు ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీలు తగ్గుతుంది. 8.849ని 6.5తో గుణిస్తే సుమారు 57.5. అంటే సముద్రమట్టం దగ్గర 30 డిగ్రీల ఎండ ఉంటే, శిఖరం మీద సున్నాకు ఇంకా 27 డిగ్రీలు దిగువన ఉంటుందన్నమాట. మదనపల్లె నుంచి హార్సిలీ కొండ మీదకు వెళితే ఎత్తు సుమారు 550 మీటర్లు పెరుగుతుంది. దానికే మూడు, నాలుగు డిగ్రీలు తగ్గి హాయిగా ఉంటుంది. లెక్క అదే, కొండే వేరు.

అక్కడ గాలి పీడనం కూడా కింద ఉన్నదానిలో సుమారు మూడో వంతే. పీడనం తగ్గితే నీళ్ళు తక్కువ వేడికే మరుగుతాయి. మన వంటగదిలో 100 డిగ్రీల దగ్గర మరిగే నీళ్ళు ఎవరెస్టు మీద సుమారు 70 డిగ్రీలకే మరుగుతాయి. ఎంతసేపు మంట పెట్టినా గిన్నెలో నీళ్ళకు అంతకు మించి వేడి ఎక్కదు. కాబట్టి బియ్యం సరిగా ఉడకవు. ప్రెషర్ కుక్కర్ చేసేది దీనికి వ్యతిరేకమైన పని. లోపల పీడనం పెంచి నీటిని సుమారు 120 డిగ్రీల దాకా తీసుకువెళుతుంది. అందుకే అందులో కందిపప్పు త్వరగా ఉడుకుతుంది.

మిల్లీమీటరు అంటే ఎన్ని బకెట్లు?

వాన వార్తల్లో "20 మిల్లీమీటర్ల వర్షపాతం" అంటారు. స్కేలు మీద అది రెండు సెంటీమీటర్లే. ఇంతేనా అనిపిస్తుంది. కానీ ఒక చదరపు మీటరు నేల మీద ఒక మిల్లీమీటరు వాన పడితే సరిగ్గా ఒక లీటరు నీళ్ళు. ఈ ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు.

మన హాస్టల్ డాబా 30 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు అనుకుందాం. 300 చదరపు మీటర్లు. 20 మిల్లీమీటర్ల వాన పడితే 300 × 20 = 6,000 లీటర్లు. స్నానానికి ఒకరికి 15 లీటర్ల బకెట్ చొప్పున 400 బకెట్లు! నూరుమంది పిల్లలకు నాలుగు రోజుల స్నానాలు. వేసవిలో బోరు ఎండిపోయి, తెల్లవారుజామున బకెట్లతో వరసలో నిలబడ్డ మనకు ఈ అంకె విలువ వేరే చెప్పాలా? ఆ నీళ్ళు గొట్టం గుండా వీధి కాలవలోకి పోతున్నాయి. వాటిని ఒక ఇంకుడు గుంతలోకి మళ్ళించవచ్చు.

ఒక ఎకరం అంటే సుమారు 4,047 చదరపు మీటర్లు. కాబట్టి ఎకరం చేను మీద ఒక్క మిల్లీమీటరు వాన పడినా నాలుగు వేల లీటర్లకు పైనే. అంత నీటిని భుజాన కావడితో మోయాలంటే ఎన్నాళ్ళు పడుతుందో ఆలోచించండి. రైతు ఆకాశం వైపు ఎందుకు చూస్తాడో అప్పుడు తెలుస్తుంది.

సగటుతో జాగ్రత్త

అనంతపురం ప్రాంతంలో ఏడాది మొత్తానికి పడే సగటు వర్షం సుమారు 550 మిల్లీమీటర్లు. 2005 జులై 26న ముంబై శాంతాక్రజ్‌లో 24 గంటల్లో పడిన వర్షం 944 మిల్లీమీటర్లు. అంటే అనంతపురంలో ఏడాదిన్నరకు పైగా పడే వాన అక్కడ ఒక్కరోజులో కురిసింది. ఇక్కడ కరువు, అక్కడ వరద.

సగటు గురించి ఇంకో మాట. ఒక ఏడాది 550 మిల్లీమీటర్లు నెలనెలా అదనుకు పడ్డాయనుకోండి. మరో ఏడాది అవే 550 నాలుగైదు రోజుల్లో కుమ్మరించి, తర్వాత నలభై రోజులు చుక్క రాలలేదనుకోండి. పుస్తకంలో రెండేళ్ళ అంకె ఒక్కటే. కానీ మొదటి ఏడు వేరుశనగ ఇంటికి వస్తుంది, రెండో ఏడు ఊడలు దిగే వేళకు చేను ఎండిపోతుంది. ఏటి లోతు సగటున మూడడుగులే కదా అని ఈత రానివాడు దిగితే ఏమవుతుంది? నడుమ పన్నెండు అడుగుల మడుగు ఉండవచ్చు. అందుకని ఎవరైనా సగటు చెబితే, "ఎక్కువలో ఎక్కువ ఎంత? తక్కువలో తక్కువ ఎంత?" అని కూడా అడగండి.

మెరుపుకూ ఉరుముకూ మధ్య

ఈ భాగాన్ని మాత్రం శ్రద్ధగా చదవండి. ఇది మార్కుల కోసం కాదు, ప్రాణం కోసం.

మెరుపు వెలుగు సెకనుకు మూడు లక్షల కిలోమీటర్ల వేగంతో వస్తుంది. అంటే అప్పటికప్పుడే కనిపిస్తుంది. ఉరుము శబ్దం సెకనుకు సుమారు 340 మీటర్లు మాత్రమే ప్రయాణిస్తుంది. కిలోమీటరు దూరానికి దాదాపు మూడు సెకన్లు పడుతుంది. కాబట్టి మెరుపు కనబడగానే ఒకటి, రెండు, మూడు అని సెకన్లు లెక్కపెట్టండి. ఉరుము వినబడగానే ఆపి 3తో భాగించండి. 9 సెకన్లు అయితే పిడుగు 3 కిలోమీటర్ల దూరంలో ఉంది. తర్వాతి మెరుపుకు అది 6 సెకన్లయితే? వాన మన వైపే వస్తోందన్నమాట.

లెక్క 30 సెకన్ల లోపు వస్తే, అంటే 10 కిలోమీటర్ల లోపు ఉంటే, మీరు అప్పటికే ప్రమాదంలో ఉన్నట్టే. ఆట ఆపి పక్కా భవనంలోకి వెళ్ళిపోవాలి. చివరి ఉరుము వినబడ్డాక కూడా అరగంట ఆగి బయటకు రావాలి. చెట్టు కిందకు మాత్రం పోవద్దు. మన దేశంలో ఏటా రెండు వేల మందికి పైగా పిడుగుపాటుకు చనిపోతున్నారు. వాళ్ళలో ఎక్కువమంది పొలాల్లో పనిచేసేవాళ్ళు, పశువులు కాసేవాళ్ళు, అంటే మన అమ్మానాన్నలు, మన అన్నదమ్ములు. నా చిన్నప్పుడు వానకు భయపడి మేకలన్నీ చింతచెట్టు కింద చేరాయి. నాన్న నన్ను అటు పోనీయకుండా బడి వరండాలోకి లాక్కుపోయాడు. ఆ చెట్టు మీద పిడుగు పడి మావి మూడు మేకలు చనిపోయాయి. నాన్నకు ఈ లెక్క తెలియదు, అనుభవం తెలుసు. మనకు రెండూ తెలియాలి. సెలవులకు వెళ్ళినప్పుడు ఇంట్లో అందరికీ ఈ మూడు సెకన్ల లెక్క నేర్పండి.

హెచ్చరిక విలువ

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. సుమారు పది వేల మంది చనిపోయారు. 1990 మే నెలలో దాదాపు అంతే బలమైన తుపాను అదే కృష్ణా తీరాన్ని తాకింది. ఈసారి చనిపోయినవాళ్ళు వెయ్యి లోపు. అదీ చిన్న సంఖ్య కాదు, ఒక్కొక్కటీ ఒక ప్రాణమే. కానీ పది వేలకూ వెయ్యికీ మధ్య తేడా ఎలా వచ్చింది? గాలి దయ తలచలేదు. ముందే లెక్కగట్టి హెచ్చరించారు, జనాన్ని తీరం నుంచి తరలించారు.

తుపాను వార్తలో "గంటకు 60 కిలోమీటర్లు" అనీ, "120 కిలోమీటర్లు" అనీ వింటాం. వేగం రెట్టింపైతే గాలి తోపు కూడా రెట్టింపే అనుకుంటాం. కాదు, వర్గంతో పెరుగుతుంది. వేగం రెండింతలైతే తోపు నాలుగింతలు. 60 కిలోమీటర్ల గాలికి ఓర్చుకున్న రేకుల కప్పు 120కి ఎందుకు ఎగిరిపోతుందో ఇప్పుడు తెలిసిందా? మీరు చదివే వర్గాలు, వర్గమూలాలు పుస్తకంలోనే లేవు, మన ఇంటి కప్పు మీదా ఉన్నాయి.

మళ్ళీ ఆ 11

మొదట చెప్పిన 11 మార్కుల సంగతి ముగిస్తాను. దసరా సెలవుల తర్వాత నేను హాస్టలుకు తిరిగొచ్చాను. హాఫ్ఇయర్లీలో 24 వచ్చాయి, వార్షిక పరీక్షల్లో 41. పదో తరగతి అయ్యేసరికి 78. ఇప్పుడు ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో లెక్కలే చెబుతున్నాను.

11 అనేది అబద్ధం కాదు. ఆ రోజు, ఆ పేపర్లో నాకు వచ్చింది అంతే. కానీ అది ఆ ఒక్క రోజు కొలత. ఒక్కరోజు వర్షపాతం చూసి ఏడాది ఎలా ఉంటుందో చెప్పలేం కదా! మీలో ఎవరి పెట్టెలోనైనా అలాంటి పేపరు మడిచి ఉంటే దాన్ని బయటకు తీయండి. ఎక్కడెక్కడ తప్పు పోయిందో లెక్కపెట్టండి. సాయంత్రం ట్యూషన్ సారుకు చూపించండి. సిగ్గుపడవలసింది తక్కువ మార్కులకు కాదు, ఆ పేపరు మళ్ళీ తెరిచి చూడకపోవడానికి.

చేసి చూడండి

1. మన జట్టు ఆటగాడు 10 ఇన్నింగ్స్‌లో 312 పరుగులు చేశాడు. రెండుసార్లు నాటౌట్. అతని సగటు ఎంత?

2. మెరుపు కనబడిన 12 సెకన్లకు ఉరుము వినబడింది. పిడుగు ఎంత దూరంలో పడింది? అప్పుడు మీరు ఏం చేయాలి?

3. మీ ఇంటి కప్పు 50 చదరపు మీటర్లు. 40 మిల్లీమీటర్ల వాన పడితే ఎన్ని లీటర్ల నీళ్ళు?

4. పదిమంది స్నేహితులు ఒకరితో ఒకరు ఒక్కసారి కరచాలనం చేస్తే మొత్తం ఎన్ని కరచాలనాలు?

5. అడుగు నుంచి పైదాకా ఒకే వెడల్పు ఉన్న డబ్బా ఒకటి తీసుకుని, చెట్లకూ గోడలకూ దూరంగా ఆరుబయట పెట్టండి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు అందులోని వాన నీటి ఎత్తును స్కేలుతో కొలిచి పుస్తకంలో రాసి, నీళ్ళు పారబోయండి. వచ్చే వార్షికోత్సవానికి మన హాస్టల్ వర్షపాతం మనమే అచ్చు వేసుకుందాం.

జవాబులు: 1) 39 పరుగులు. 2) సుమారు 4 కిలోమీటర్లు, వెంటనే భవనంలోకి వెళ్ళాలి. 3) 2,000 లీటర్లు. 4) 45. ఐదోదానికి జవాబు మీ దగ్గరే ఉంటుంది.